సీమతుమ్మ ముందు మూడు కత్తులు

మా పొలం తమిళనాడులో, గుడియాత్తం నుంచి కొండల వైపు పోయే దారిలో ఉంది. మామిడి, కొంచెం చెరకు, గట్ల మీద కొబ్బరి. కొండ దిగి ఏనుగులు రావడం మొదలయ్యాక సరిహద్దు చుట్టూ సోలార్ కంచె వేయించాం. వేయించడం తేలికే, దాన్ని పని చేయించడమే కష్టం. తీగకు ఒక్క పచ్చి కొమ్మ ఆనినా కరెంటు భూమిలోకి జారిపోతుంది. మా సరిహద్దు వాగు పొడవునా ఉన్నదంతా సీమతుమ్మ. ఈ వారం నరికితే వచ్చే నెలకు మళ్ళీ తీగను అందుకుంటుంది. ముల్లు గుచ్చుకుంటే చెయ్యి రెండు రోజులు వాస్తుంది. ఎండిన మొద్దయితే రాయిలా ఉంటుంది. కాబట్టి కంచె వేసిన రోజు నుంచి మాకు గట్టి కత్తి ఒకటి అవసరమైంది.

మాకు అంటే మా అత్తకూ నాకూ. ఆమె మా నాన్నకు చెల్లెలు. డెబ్బై దాటింది, పొలం చూసేది ఇప్పటికీ ఆమే. నేను వేలూరులో బాగాయంలో ఉంటాను. అక్కడే సత్తువాచారి అనే పేటలో ఒక ఆఫీసులో ఉద్యోగం. శనివారాలు మోటార్ సైకిల్ మీద పొలానికి పోతాను.

ఆఫీసులో నా పని జనం తెచ్చిన సర్టిఫికెట్లు సరిచూడటం. సంతకం వంకర, సీలు మసక, తేదీ మీద దిద్దుబాటు, ఇవన్నీ వెతికి వెతికి నా కన్ను అలాగే తయారైపోయింది. కూరగాయల అంగట్లో కూడా పైన పేర్చిన టమాటాలు నమ్మను, అడుగువి లాగి చూస్తాను. "దేవుడు ప్రసాదం పెట్టినా నువ్వు తిరగేసి చూస్తావురా" అని మా అత్త అంటుంది.

ఆమె పాత మచ్చుకత్తి నూరీ నూరీ సగానికి అరిగిపోయింది. కొత్తది నేను తెస్తానన్నాను. తప్పు కత్తి తేకూడదని మూడు తెచ్చాను.

మొదటిది ఫోన్‌లో చూసి తెప్పించింది. నల్లటి పూత, వేలంత మందం, వెన్ను మీద రంపపు పళ్ళు, నడుముకు కట్టుకోవడానికి ఒర. కొసనుంచి పిడి చివరి దాకా ఒకే ఉక్కు ముక్క అని రాశారు. వీడియోలో ఒకాయన దానితో దుంగను చీల్చాడు, ఇటుకను కొట్టాడు, ఆ వెంటనే కాగితం కోసి చూపించాడు. ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. ఇటుకకూ కాగితానికీ మధ్య బొమ్మ ఒక్క క్షణం ఎగిరింది. ఆ క్షణంలో కత్తి మార్చాడని నా నమ్మకం. కింద మెచ్చుకుంటూ రాసినవాళ్ళలో ముగ్గురు ఒకే మాటను ఒకే తప్పుతో రాశారు. అయినా తెప్పించాను. మోసమని తేల్చుకోవాలన్నా వస్తువు చేతికి రావాలి కదా.

రెండోది వేలూరు బజారులో ఇనుప సామాన్ల అంగట్లో కొన్నాను. నేను తమిళంలోనే అడిగాను. యజమాని నా యాస పట్టుకుని వెంటనే తెలుగులోకి దిగాడు.

"మనోళ్ళా? యా ఊరప్పా మీది?"

నాకు అక్కడే అనుమానం మొదలైంది. సరుకు మంచిదైతే ఊరితో ఏం పని?

"మనోళ్ళకు చెడ్డది ఇస్తానా నాయనా? ఎత్తుకోని పో. నూరేండ్లు ఉంటాది."

"అంగడి పెట్టి ఎన్నేండ్లయింది?"

"మా నాయన పెట్టినాడు. నలభై ఏండ్లు."

"మరి నూరేండ్లు ఉండిన కత్తి యాడ చూసినావు?"

అతను గట్టిగా నవ్వాడు. నేను నవ్వలేదు. కత్తిని వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఆ శబ్దం ఎలా ఉండాలో నాకు తెలియదు. తెలిసినవాడిలా కనపడితే మోసం చేయడానికి జంకుతాడని అలా చేశాను.

ఈ రెండూ చూసి మా అత్త పెదవి విరిచింది. "బొమ్మల మాదిరి ఉండాయి. కొలిమి ఆచారి దగ్గరికి పోరా. మీ నాయన జీపు పట్టా ఒకటి కొట్టంలో ఉండాది కదా, అది ఇయ్యి."

మా నాన్న తన జీపు పాత ఇనుముకు పోయేటప్పుడు చక్రాల మీది కమాను పట్టా ఒకటి తీసి పశువుల కొట్టంలో దాచాడు. బండి బరువంతా మోస్తూ వంగి లేచే పట్టీ అది. కత్తికి అంతకన్నా మంచి ఉక్కు లేదని మా వైపు అందరూ అంటారు. అంత మంచిదాన్ని కొలిమిలో వదిలిపెట్టి వస్తే దాని బదులు మామూలు ఇనుము రాదని నమ్మకమేమిటి? బయల్దేరే ముందు ఆకురాయి తీసుకుని పట్టా రెండు చివర్లా మూడేసి గీతలు గీశాను. అత్తకు కూడా చెప్పలేదు.

గుడియాత్తం బజారు వీధి చివర రేకుల కింద ఉంటుంది ఆచారి కొలిమి. ఆయనకు అరవై ఐదు ఉంటాయి. సమ్మెట ఎత్తేది ఆయన భార్య. ఆయన పట్టుకారుతో తిప్పుతుంటే ఆమె కొడుతుంది. పనిలో ఇద్దరికీ మాటల అవసరం ఉండదు. ఆయన పట్టాను అటూ ఇటూ తిప్పి, దాగలి దిమ్మ మీద ఒకసారి తట్టి విన్నాడు.

"మంచి పట్టా. పెట్టి పో అప్పా, వచ్చే శనివారం ఇస్తా."

"ఇప్పుడే చేసేకి కాదా? నేను కూచుంటా."

"ముందర నాలుగు కొడవండ్లు, రెండు పారలు ఉండాయి. వాళ్ళు పొద్దున నుంచి కాచుకోనుండారు."

చేసేది లేక పెట్టి వచ్చాను. ఆ వారమంతా ఆఫీసులో కాగితాలు తిప్పుతూ ఆ పట్టా గురించే ఆలోచించాను.

మరుసటి శనివారానికి కత్తి తయారుగా ఉంది. ముక్కులా వంగిన కొస, మందమైన వెన్ను, చింతకొయ్య పిడి. చేతిలోకి తీసుకుని ముందు వెతికింది నా గీతల కోసం. లేవు.

"మిగిలిన ముక్క ఏది ఆచారీ?"

"ఏ ముక్క?"

"పట్టా ఇంత పొడుగుండె. కత్తి ఇంతే ఉండాది."

"రెండు పక్కలా కోసేసినా అప్పా. బోల్టు బొక్క దగ్గర సన్న పగులు ఉండె. ముక్కలు పాత ఇనుములో పడేసినా. బండివాడు మొన్న ఎత్తుకపోయినాడు."

జవాబు అన్ని వైపులా సరిపోయింది. అన్ని వైపులా సరిపోయే కాగితాన్ని నేను ఆఫీసులో ఇంకోసారి చూస్తాను. కానీ అక్కడ ఇంకోసారి చూడటానికి ఏమీ మిగల్లేదు. కత్తి పట్టుకుని వచ్చేశాను.

ఆ రోజే వాగు గట్టున మూడింటినీ పరీక్ష పెట్టాను. ఒకే రకం కొమ్మలు, ఒకే మందం మొద్దులు, అత్తా నేనూ కత్తులు మార్చుకుంటూ.

నల్ల కత్తి మొదట నన్ను కంగారుపెట్టింది, ఎందుకంటే బాగానే నరికింది. పచ్చి కొమ్మలు, లేత మొక్కలు చకచకా పోయాయి. మొద్దు మీద మాత్రం వేటు వేటుకూ మణికట్టులోకి జలదరింపు కొట్టింది. అయినా విరగలేదు. అప్పుడు వీడియోలో ఆయన చేసినట్టే కత్తిని మొద్దు మీద నిలిపి, వెన్ను మీద కట్టెతో కొట్టాను. నాలుగో దెబ్బకు పిడి చీలి కత్తి ఊడి పడింది. ఒకే ఉక్కు ముక్క అన్న దాని పిడి లోపల ఉన్నది చిటికెన వేలంత కడ్డీ, అదీ వెల్డింగ్‌తో అతికించింది.

నాకు నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వాను.

"కత్తి విరిగితే అంత సంతోషం ఎందుకురా?" అంది అత్త.

"నేను ముందే అనుకున్నా అత్తా."

"అనుకోని ఎందుకు కొన్నావు మరి?"

బజారు కత్తి తేలిక. పచ్చి కొమ్మను చక్కగా కోసింది, ఎండు మొద్దు మీద పడి ఎగిరింది. గంట తర్వాత పిడి మేకు ఒకటి కదలడం మొదలైంది. అత్త దాన్ని పక్కన పెట్టి, కొబ్బరి మట్టలకూ గడ్డికీ ఇది చాలులే అంది. నవ్విన ఆ అంగడాయన నూరేండ్లు అన్నది అబద్ధమే కానీ మొత్తం అబద్ధం కాదు.

ఇక ఆచారి కత్తి. బరువు కొస వైపు ఉంది. ఎత్తడమే మన పని, దిగడం దాని పని. మణికట్టంత ఎండు మొద్దు రెండు వేట్లకు తెగింది. సాయంత్రానికి పది బారల గట్టు శుభ్రమైంది. అంచు మీద ఒక్క నొక్కు కూడా లేదు. అత్త దాన్ని చీర కొంగుతో తుడిచింది. "ఇదిరా కత్తంటే" అంది.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ నా మనసు ఊరుకోలేదు. అంచు కొంచెం మొద్దుగా అనిపించింది. కాగితం కోస్తే చిరుగుతోంది, తెగడం లేదు. మంచి ఉక్కయితే ఇలా ఎందుకు ఉంటుంది? సోమవారం ఆఫీసుకు పోతూ కత్తిని వేలూరులో మిషన్ రాయి మీద పనిముట్లు నూరే అంగట్లో ఇచ్చి, బ్లేడులా పలచగా చేయమన్నాను. అతను కొస నుంచి సగం దాకా నొక్కి పట్టి నూరాడు. నిప్పురవ్వలు ధారలా పోయాయి. చేతికొచ్చేసరికి అంచు వెంట నెమలి మెడలాంటి నీలం రంగు తేలింది. ఆ రంగు నాకు నచ్చింది కూడా. కాగితం చప్పుడు లేకుండా తెగింది.

తర్వాతి శనివారం మొదటి మొద్దు మీద మూడో వేటుకే ఆ అంచు రేకులా మడతపడింది.

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే తేలికపడ్డాను. వారాల తరబడి పట్టుకున్న అనుమానం చివరికి నిలబడిందనిపించింది.

"పోయిన వారం బాగానే నరికింది కదరా?" అంది అత్త.

"పైన కొంచెం మంచి ఉక్కు అతికించి ఉంటాడు అత్తా. నూరేసరికి అది పోయింది. లోపలంతా ఉత్త ఇనుము."

"ఆచారి అట్లాంటోడు కాదు."

"నువ్వు నమ్ముతావు కాబట్టే అట్లా చేస్తారు."

నేను అటునుంచి అటే గుడియాత్తం పోయాను.

శనివారం కాబట్టి కొలిమి దగ్గర ఏడెనిమిది మంది రైతులు ఉన్నారు. బండి దిగుతూనే గొంతు పెంచాను. నలుగురి ముందూ అడిగితే తప్పించుకోలేడని ముందే అనుకుని వచ్చాను.

"ఆచారీ, మా నాయన పట్టా ఏం చేసినావు?"

ఆయన తలెత్తాడు. "కత్తి చేసి ఇచ్చినా కదప్పా."

"ఇది నా పట్టా కాదు. చూడు, రేకు మాదిరి మడిచిపోయింది. నేను రెండు చివర్లా గీతలు పెట్టి ఇచ్చినా. ఆ గీతలు యాడ?"

కొడవలి పట్టుకుని నిలబడిన ఒక పెద్దాయన తమిళంలో, "అడయాళం పోట్టు కుడుత్తీంగళా?" అన్నాడు. గుర్తు పెట్టి మరీ ఇచ్చారా అని. ఆ మాటలో ఆశ్చర్యం ఆచారి గురించి కాదు, నా గురించి. అది నాకు అప్పుడు తెలియలేదు.

ఆచారి భార్య సమ్మెట కింద పెట్టింది. "ముప్పై ఏండ్లుగా ఇది ఎత్తతా ఉండా. ఒకరి ఇనుము ఇంకొకరికి పోయిన దినం లేదు" అంది. అరవలేదు.

ఆచారి ఆమెను చేత్తో ఆపి కత్తి అందుకున్నాడు. వెలుతురుకు పెట్టి అంచు వెంట చూశాడు.

"ఈ నీలం యాడిది?"

"నూరించినా."

"దేని మీద?"

"వేలూర్లో. మిషన్ రాయి మీద."

"నీళ్ళు పోస్తా నూరినాడా?"

"లేదు."

ఆయన లోపలికి పోయి ఒక ఆకురాయి తెచ్చి నా చేతికిచ్చాడు. "నువ్వే రుద్ది చూడు. పిడి పక్క రుద్దు ముందు, నీలం లేని చోట."

రుద్దాను. గాజు మీద రుద్దినట్టు ఆకురాయి జారిపోయింది.

"ఇప్పుడు నీలం మీద."

రుద్దాను. ఆకురాయి కరకరా పట్టింది. ఇనుప పొడి నా వేళ్ళ మీద రాలింది.

"ఒకటే కత్తి, ఒకటే ఉక్కు. ఆ పక్క నేను కాల్చి ముంచి పెట్టిన పదును అట్లే ఉండాది. ఈ పక్క వేడికి పోయింది. రంగు వచ్చేదాకా కాల్చినాక పదును యాడ నిలుస్తాది అప్పా? అతుకు ఉంటే చూపించు."

ఏం చెప్పను, నేను నిజంగానే అతుకు కోసం వెతికాను. అంతమంది ముందు కత్తిని తిప్పి తిప్పి, ఒక సన్న గీతైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం బాగుండేది.

"మళ్ళా పదును పెడతా. నువ్వు యాడికీ పోవద్దు. ఆ డబ్బా మీద కూచో" అన్నాడు ఆచారి.

కూర్చున్నాను. కత్తిని ఎర్రగా కాల్చి, మడతపడిన అంచును కొట్టి సరిచేసి, మళ్ళీ కాల్చి, సగం కోసిన డ్రమ్ములో ఉన్న పాత ఇంజన్ నూనెలో అంచు వరకే ముంచాడు. పొగ లేచింది. తర్వాత అంచును ఇటుక ముక్కతో రుద్ది, కత్తి వెన్నును కాలిన ఇనుప దిమ్మె మీద ఆనించి నన్ను దగ్గరికి పిలిచాడు. "రంగు నడుస్తాది చూడు. వెన్ను కాడ నుంచి అంచుకు వస్తాది. ఎండు గడ్డి రంగు అంచుకు తగిలినప్పుడు ఎత్తాల. ఇంకొంచెం ఆలస్యమైతే నీలం." నేను వంగి చూశాను. నాకు కనపడింది బూడిద రంగు ఇనుము మాత్రమే. ఆయన చటుక్కున ఎత్తి నూనెలో పెట్టాడు.

"చూసినావా?"

"చూసినా."

"ఏం చూసినావు?"

నేను నూనెలోని కత్తి వైపు చూశాను. ఆయన ఇక రెట్టించలేదు. కత్తి చల్లారాక రాయి మీద నీళ్ళు చల్లుకుంటూ చేత్తో నూరి ఇచ్చాడు. తప్పయిందన్న మాట నా నోటిదాకా వచ్చింది. అందరూ చూస్తున్నారు. కత్తి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

అత్తకు జరిగింది చెప్పాను, గీతల సంగతితో సహా. ఆమె వింటూ వింటూ ఒకటే అడిగింది. "ఆచారి ఇంటామె ముందరే అన్నావా?"

"అన్నాను."

"మీ నాయన పోయిన దినం కొలిమి ఆర్పేసి ఇద్దరూ నడిచి వచ్చినారు. సాయంత్రం దాకా ఉండినారు. నువ్వు చూడలేదు, నీ కండ్ల నిండా నీళ్ళు." ఇంకేమీ అనకుండా అన్నం వడ్డించింది.

కత్తి మొదటి వారంలాగే నరికింది. కానీ దాన్ని పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ కొలిమే గుర్తొచ్చేది. ఒక బుధవారం ఆఫీసుకు సెలవు పెట్టి గుడియాత్తం పోయాను. మధ్యాహ్నం, ఎవరూ ఉండని వేళ చూసుకునే పోయాను. భార్యాభర్తలు అన్నం తిని కూర్చుని ఉన్నారు.

"తప్పయింది ఆచారీ. అనుమానపడినా. మనసులో పెట్టుకోవద్దు."

జవాబు ఆయన భార్య ఇచ్చింది.

"అన్నప్పుడు అంగడి నిండా జనం ఉండిరి. ఇప్పుడు ఎవరూ లేని పొద్దు చూసుకోని వచ్చి చెప్తా ఉండావు నాయనా. ఆ దినం ఉండినోళ్ళల్లో ఇద్దరు మళ్ళా రాలేదు. వాళ్ళకు ఎవరు చెప్పాల?"

ఆ ఇద్దరూ నా మాట వల్లే రాలేదో, పని లేక రాలేదో అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. నా బుద్ధి అటువంటిది. దాన్ని పక్కకు నెట్టి లేచాను.

ఆ శనివారం పొద్దున్నే పోయాను. కొలిమి ముందు పది మందికి పైగా ఉన్నారు. ఆ రోజు తమిళంలో అడిగిన పెద్దాయన కూడా ఉన్నాడు. ఉద్యోగ పరీక్ష రాసినప్పుడు కూడా నేను అంత భయపడలేదు. ముందు తెలుగులో, తర్వాత తమిళంలో, అందరికీ వినపడేలా చెప్పాను. ఆ రోజు నేను ఈయన మీద వేసింది అబద్ధపు నింద. కత్తి చెడింది నా చేతులతో. నేను వేలూరులో నూరించి పదును పోగొట్టాను. ఈయన చేసినదాంట్లో ఏ మోసమూ లేదు.

కొందరు ఇబ్బందిగా అటు తిరిగారు. ఒకాయన తన పార గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ పెద్దాయన మాత్రం తల ఊపి, "సరి, సరి, ఇప్పుడు చెప్పినారు కదా" అన్నాడు, తెలుగులోనే.

ఆ పట్టా మా నాన్న జీపుదేనా అంటే ఇప్పటికీ నేను రుజువు చూపించలేను. గీతలు పోయాయి, ముక్కలు పోయాయి. ఉక్కు మంచిదని మాత్రం నా చేత్తో రుద్ది చూశాను. మిగిలింది ఆయన మాట. దాన్ని తీసుకోవడం నాకు ఇంకా అలవాటు కావాలి.

ఆచారి నా వైపు చూడలేదు. కొలిమిలోంచి ఎర్రగా కాలిన కొడవలి తీసి దాగలి మీద పెట్టాడు. ఆయన భార్య సమ్మెట ఎత్తి, నా వైపు ఒకసారి చూసి, "కొంచెం పక్కకు జరుగు నాయనా, రవ్వలు పడతాయి" అంది.